శివా అంటే క్రాష్, లక్ష్మి అంటే ఓకే

ముందు నా తప్పు ఒప్పేసుకుంటా. పోయిన సెమిస్టర్‌లో ఒకే ఒక్క రాత్రి, ఒక చిన్న ఓపెన్ సోర్స్ నోట్స్ యాప్ ప్రాజెక్టులో 17 బగ్ రిపోర్టులు పెట్టా. నేను పెట్టా అనడం కూడా అబద్ధమే. నా స్క్రిప్ట్ పెట్టింది. నేను నిద్రపోయా.

హాస్టల్‌లో సంగతి మీకు తెలుసు కదా. రెజ్యూమేలో "ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూషన్స్" అని ఒక లైన్ లేకపోతే బతుకే లేదన్నట్టు మాట్లాడతారు సీనియర్స్. నాకూ భయం పట్టుకుంది. కోడ్‌ని చదివి తప్పులు పట్టే ఒక టూల్ తీసుకున్నా, అది చెప్పినవాటిని నీట్‌గా ఇంగ్లిష్‌లో రాయమని ఒక ఏఐకి ఇచ్చా, వచ్చినదాన్ని వచ్చినట్టు ప్రాజెక్టులో ఇష్యూగా పెట్టేలా ఇంకో నలభై లైన్ల కోడ్ రాశా. ప్రాజెక్ట్ ఎంచుకోవడానికి కూడా పెద్దగా ఆలోచించలేదు. మా తాతయ్య ఫోన్‌లో నేనే వేసి ఇచ్చిన యాప్ అది, పేరు గుర్తుంది, అంతే.

పొద్దున లేచి చూస్తే 17కి 17 మూసేసి ఉన్నాయి. మొదటిదాని కింద ఒక్క కామెంట్. కోపంగా లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. వీటిలో మీరు మీ కళ్ళతో చూసింది ఏదైనా ఉందా, ఉంటే చెప్పండి, అది మళ్ళీ తెరుస్తాను అని రాశాడు ఆ మెయింటైనర్. టైమ్ చూశా. మొదటిది మూసింది వాళ్ళ దేశంలో రాత్రి 11:10కి, చివరిది 12:40కి. గంటన్నర! ఒక్కడే మనిషి, పగలు ఉద్యోగం, రాత్రి ఫ్రీగా ఈ యాప్. నా రెజ్యూమేలో ఒక లైన్ కోసం ఆయన నిద్ర గంటన్నర తినేశా. ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. నేను చూసింది ఒక్కటీ లేదు.

ఈ వ్యాసం ఆ జవాబు వెతుక్కోవడం గురించే. సాహిత్య క్లబ్ మ్యాగజైన్‌లో బగ్ రిపోర్టుల గోల ఏంటి అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది రాయడం గురించేనని మీరే ఒప్పుకుంటారు.

పది రోజుల తర్వాత తాతయ్య ఫోన్ చేశారు. తాతయ్య తెనాలిలో ఉంటారు, పోస్టాఫీసులో పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఫోన్‌లో శతకం రాస్తున్నారు, చివర "శివా" అని మకుటం. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పదాలు పైన వస్తాయే, ఆ కీబోర్డుతో. "నువ్వు వేసిచ్చిన ఆ నోట్‌బుక్కు మూసుకుపోతోందమ్మా" అన్నారు. నేను అందరిలాగే "రీస్టార్ట్ చేశారా తాతయ్యా?" అన్నా.

"అది కాదు, విను. ఎప్పుడూ పోవట్లేదు. పాదం చివర శివా అని కొట్టి, పైన వచ్చిన పదం నొక్కి, నచ్చక ఆ వెనక్కి తిరిగిన బాణం నొక్కితే పోతోంది. మీ అమ్మమ్మ పేరు రాసి అలాగే చేస్తే ఏం కావట్లేదు. నాలుగేసి సార్లు చూశా. శివుడికి పోతోంది, లక్ష్మికి పోవట్లేదు."

నేను నవ్వా. తర్వాత ల్యాప్‌టాప్ తీసి ప్రాజెక్ట్ పేజీ చూశా. నవ్వు ఆగిపోయింది. అక్కడ ఆరు నెలలుగా తెరిచి ఉన్న ఒక ఇష్యూ ఉంది. యాప్ క్రాష్ అయినప్పుడల్లా దానంతట అదే పంపే రిపోర్టులు, 41, అన్నీ ఒకటే రకం. ఉన్న అక్షరాలకంటే ఎక్కువ చెరపమన్నారు కాబట్టి ఆగిపోయాను అని ప్రతి రిపోర్టూ చెప్తోంది. ఏ ఫైల్‌లో, ఏ లైన్‌లో అన్నది కూడా ఉంది. కింద మెయింటైనర్ మాట: నా దగ్గర ఇది రావట్లేదు, ఏం చేస్తే వస్తుందో ఎవరైనా చెప్పండి. ఆరు నెలల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తాతయ్య మాట పక్కన పెట్టి ఆ లైన్ చదవండి. యాప్‌లో అన్‌డూ బటన్ ఎన్ని అక్షరాలు కొట్టారో గుర్తుపెట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే అన్ని చెరుపుతుంది. శివా అని ఇంగ్లిష్‌లో కొట్టడానికి ఎస్, ఐ, వి, ఏ, ఏ, మొత్తం ఐదు. పైన పదం నొక్కగానే అది తెలుగులోకి మారిపోతుంది. కంప్యూటర్ లెక్కలో శ, గుడి, వ, దీర్ఘం, నాలుగే. నాలుగు ఉన్నచోట ఐదు చెరపమంటే యాప్ పడిపోయింది. మరి లక్ష్మి? ఇంగ్లిష్‌లో ఏడు. తెలుగులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, అదీ ఏడే! లెక్క సరిపోయింది, అమ్మమ్మ బతికిపోయింది. ఇంగ్లిష్‌లోనే టైప్ చేసే మెయింటైనర్‌కి ఇది జన్మలో కనపడదు.

41 ఆటోమేటిక్ రిపోర్టులు చేయలేని పనిని, స్టాక్ ట్రేస్ అంటే ఏంటో తెలియని 72 ఏళ్ళ మనిషి ఒక ఫోన్ కాల్‌లో చేసేశారు. అలా అని ఆ 41 వేస్ట్ అని కూడా కాదు. అవి లేకపోతే తాతయ్య మాటని నేను ఎక్కడ అతికించాలో నాకు తెలిసేది కాదు. నా పాయింట్ ఒక్కటే: ఎక్కడ పడ్డామో మెషీన్ చెప్తుంది, ఎలా వచ్చి పడ్డామో మనిషే చెప్పాలి. ఆటోమేటిక్ బగ్ రిపోర్టింగ్‌ని బాగుచేయాలంటే ఇంకా ఎక్కువ రిపోర్టులు పంపడం కాదు, ఈ రెండిటినీ ఒకే కాగితం మీదకి తేవాలి.

ఇది కొత్తగా నేను కనిపెట్టింది ఏమీ కాదు. ఫైర్‌ఫాక్స్ క్రాష్ అయితే ఒక చిన్న విండో వస్తుంది చూడండి. ఆ క్షణంలో ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌లో ఉంది, దాన్ని ఎవరు పిలిచారు, వాళ్ళని ఎవరు పిలిచారు అన్న వరస అంతా మనం ఒప్పుకుంటే మొజిల్లా సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ సొక్కోరో అనే సాఫ్ట్‌వేర్ ఒకేలా ఉన్న వరసలన్నిటినీ ఒక పేరు కింద గుంపు చేస్తుంది. ఆ పేరుని సిగ్నేచర్ అంటారు. గుంపు పెద్దదైతే అర్జెంట్ అని అర్థం. లక్షల మంది వాడే బ్రౌజర్‌కి ఇది లేకుండా కుదరదు. ఆ విండోలోనే మనం ఏం చేస్తుండగా అలా అయ్యిందో రాయడానికి ఒక పెట్టె కూడా ఉంటుంది. మీలో ఎంతమంది అందులో రాశారు? నేను ఒక్కసారి కూడా రాయలేదు.

గుంపు చేయడంలోనూ తిరకాసు ఉంది. మెమరీ అయిపోయి పడిపోయిన క్రాష్‌లన్నీ దాదాపు ఒకే పేరు కింద చేరతాయి. కారణాలు వంద ఉండొచ్చు, పడ్డ చోటు మాత్రం ఒకటే. మన ఊళ్ళో బస్సు ఎప్పుడూ ఒకే గుంతలో దిగబడుతోందంటే తప్పు గుంతదే. కానీ బస్సులన్నీ డిపోకే వచ్చి ఆగిపోతున్నాయంటే తప్పు డిపోది కాదు కదా.

లినక్స్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి కేడీఈలో డాక్టర్ కాంకీ తెలిసే ఉంటుంది. ప్రోగ్రామ్ పడిపోతే అది లేచి వస్తుంది, పడిపోయిన వరస డెవలపర్‌కి పనికొచ్చేలా ఉందా లేదా అని తనే స్టార్స్ వేస్తుంది, ఆ టైమ్‌లో మీరేం చేస్తున్నారు అని అడుగుతుంది. పనికిరాని రిపోర్టుని పంపకముందే ఆపడం నాకు చాలా నచ్చింది. నా స్క్రిప్ట్‌కి అలాంటి డాక్టర్ ఒకరు ఉండి ఉంటే బాగుండేది!

అన్నిటికంటే నాకు నేర్పింది మాత్రం సిజ్‌బాట్. లినక్స్ కెర్నెల్‌ని పగలూ రాత్రీ పిచ్చిపిచ్చి సిస్టమ్ కాల్స్‌తో కొడుతూ, పగిలినప్పుడల్లా డెవలపర్లకి మెయిల్ పంపే గూగుల్ బాట్ అది. ఇప్పటిదాకా వేలకొద్దీ బగ్గులు పట్టింది. పూర్తిగా మెషీనే. మరి నా స్క్రిప్ట్‌కీ దానికీ తేడా ఏంటి? అది ఊరికే "ఇక్కడ తప్పు ఉండొచ్చు" అనదు, నిజంగా పగలగొట్టాకే మెయిల్ పంపుతుంది. వీలైనప్పుడల్లా, ఇది నడిపితే మీ దగ్గర కూడా పగులుతుంది అని ఒక చిన్న సి ప్రోగ్రామ్ జతచేస్తుంది. ఏ మార్పు తర్వాత ఇది మొదలైందో వెనక్కి వెతికి చెప్తుంది. ఇది పాతదే, ఫలానాదానికి డూప్లికేట్ అని డెవలపర్ మెయిల్‌లో ఒక లైన్ రాస్తే అర్థం చేసుకుంటుంది. ఈ ప్యాచ్ పరీక్షించు అంటే పరీక్షించి ఫలితం చెప్తుంది. అంటే మాట్లాడుతుంది! అయినా ఇంకా పరిష్కారం కాని రిపోర్టులు వందల్లో ఉంటాయి, ఎందుకంటే కనిపెట్టడం మెషీన్ స్పీడులో జరుగుతోంది, బాగుచేయడం మనిషి స్పీడులో జరుగుతోంది.

2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడి ఇంటర్నెట్ అంతా వణికింది. ఆ తర్వాత 2016లో గూగుల్ మొదలుపెట్టిన ఓఎస్‌ఎస్-ఫజ్ కూడా ఇదే దారి. ముఖ్యమైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులని ఉచితంగా పరీక్షిస్తూ ఉంటుంది. బగ్ పోయిందని తనే మళ్ళీ పరీక్షించి చూసుకుని రిపోర్ట్ మూసేస్తుంది. మెయింటైనర్‌కి ఒక పని తగ్గినట్టే కదా.

రెండో వైపు కర్ల్. మీ ఫోన్‌లో, టీవీలో, కార్లలో కూడా ఉండే నెట్‌వర్క్ ప్రోగ్రామ్ అది. దాన్ని ఏళ్ళ తరబడి నడిపిస్తున్న స్వీడన్ ప్రోగ్రామర్ డానియల్ స్టెన్‌బర్గ్, ఏఐ రాసిన దొంగ సెక్యూరిటీ రిపోర్టుల గురించి 2024 నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. చూడ్డానికి చక్కటి ఇంగ్లిష్, హెడ్డింగులు, లోపల మాత్రం లేని ఫంక్షన్ల గురించి ఉన్నట్టు కథలు. ఒక్కోదాన్ని అబద్ధమని తేల్చడానికి నిజం మనుషులు గంటలు పెట్టాలి. చివరికి 2019 నుంచి నడుస్తున్న బహుమతి పథకాన్నే 2026 జనవరి ఆఖరున ఆపేశారు. అది చదివినప్పుడు నా 17 గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. డబ్బుకోసం పంపినవాళ్ళూ, రెజ్యూమేకోసం పంపిన నేనూ ఒకే జట్టు.

కానీ ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. అదే స్టెన్‌బర్గ్ 2025లో, ఏఐ టూల్స్‌తో ఒకాయన పట్టి పంపిన లోపాల జాబితాని మెచ్చుకున్నారు, వాటిలో చాలా సరిచేశారు కూడా. కాబట్టి గొడవ ఏఐతో కాదు. పంపే ముందు ఒక మనిషి కూర్చుని, ఇది నిజమా అని చూశాడా లేదా అన్నదే.

ఇంక మన సంగతికి వద్దాం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లన్నీ ఒక తెలుగు అక్షరం చూసి పడిపోయాయి, గుర్తుందా? జ్ఞా. జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ అక్షరం, దీర్ఘం. ఈ వరస మెసేజ్‌లో వస్తే యాప్ క్రాష్. కొద్ది రోజుల్లోనే యాపిల్ అప్‌డేట్ ఇచ్చింది. అది ఓపెన్ సోర్స్ కాదు, ఈ కథలో దాని పని వేరే. అది అంత తొందరగా బాగుపడింది ఎందుకు? ఎందుకంటే ఎవరి ఫోన్ అయినా ఎక్కడైనా పడిపోతుంది, పడిపోతే రిపోర్ట్ వెళ్తుంది, ప్రపంచమంతా చూస్తుంది. మరి పడిపోకుండా తప్పుగా నడిచే వాటి సంగతి? ఒత్తు పక్కకి జరిగిపోయింది, పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే అక్షరాలు ముక్కలైపోయాయి, వెతికితే ఉన్న పదం దొరకలేదు. ప్రోగ్రామ్ దృష్టిలో అంతా బాగానే ఉంది, ఎక్కడా క్రాష్ లేదు, కాబట్టి ఆటోమేటిక్ రిపోర్టూ లేదు. వీటిని చూడగలిగేది తెలుగు చదవగలిగిన మనిషి మాత్రమే. ఆ మనిషి చెప్పాలంటే ఫామ్ అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది, అకౌంట్ తెరవాలి, వెర్షన్ నంబర్ చెప్పాలి. తాతయ్య చెప్పరు. మనవరాలికి ఫోన్ చేస్తారు. మనవరాలు లేనివాళ్ళు యాప్ తీసేస్తారు.

అందుకే నేను అడిగేవి ఇవి.

క్రాష్ అయ్యాక వచ్చే విండో ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: ఇది జరగడానికి కాస్త ముందు మీరేం చేశారు? జవాబు తెలుగులో రాసినా, మైక్ నొక్కి చెప్పినా తీసుకోవాలి. మెయింటైనర్‌కి తెలుగు రాకపోతే మెషీన్ అనువాదం పక్కన పెట్టండి, కానీ అసలు మాటని తీసేయకండి. "వెనక్కి తిరిగిన బాణం" అన్న మాట అనువాదంలో ఏమైపోతుందో దేవుడికే తెలుసు.

రెండోది, ఏం పంపుతున్నారో పంపే ముందు చూపించాలి. క్రాష్ అయినప్పుడు తీసే మెమరీ కాపీలో ఆ క్షణాన ప్రోగ్రామ్ పట్టుకున్నవన్నీ ఉండొచ్చు. పాస్‌వర్డ్, ఉత్తరం, తాతయ్య సగం రాసిన పద్యం, ఏదైనా. ఫోల్డర్ పేర్లలో మన పేర్లే ఉంటాయి. నోట్స్ యాప్ రిపోర్టులో నోట్స్ ఉండకూడదు. శివా అన్న పదం అక్కర్లేదు, ఐదు అక్షరాలు నాలుగయ్యాయి అని చెప్తే చాలు.

మూడోది, కొత్త ఇష్యూ తెరిచే ముందు పాతవాటిలో వెతికి, ఉంటే అక్కడే చేర్చాలి. చిన్న ప్రాజెక్టుల్లో అయితే మెషీన్ తనంతట తను ఇష్యూ తెరవకూడదు, రోజుకి ఇన్నే అని హద్దు ఉండాలి.

నాలుగోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రిపోర్ట్ పంపినవాళ్ళకి తిరిగి కబురు రావాలి. మీరు చెప్పింది ఈ వెర్షన్‌లో బాగుచేశాం అని ఒక్క ముక్క. పోస్టాఫీసు మనిషిని అడగండి, ఉత్తరం వేసి జవాబు రానివాడు రెండో ఉత్తరం వెయ్యడు.

"యూజర్లు ఏం రాస్తారు, పని చేయట్లేదు అని రాస్తారు, అంతే" అంటాడు మా రూమ్మేట్ లాంటి ప్రతి కోడరూ. మా రూమ్మేట్ అమ్మాయే, అయినా అదే అంటుంది. కొంత నిజమే. వందమంది రాస్తే తొంభైమందివి పనికిరావేమో. కానీ మిగిలిన పదిలో ఒక్కటి దొరికినా ఆ 41 రిపోర్టులకి ప్రాణం వస్తుంది. అయినా అడిగే పద్ధతిలో కూడా ఉంటుంది. "వివరించండి" అని ఖాళీ పెట్టె పెడితే ఎవరైనా పరీక్ష హాల్లో లాగా బిగుసుకుపోతారు. పుట్టీ రాసిన సైమన్ టాథమ్ 1999లోనే బగ్ ఎలా రిపోర్ట్ చేయాలో ఒక వ్యాసం రాశారు. దాని సారం, ప్రోగ్రామర్ తన కళ్ళ ముందే అది పగిలేలా చెయ్యగలగాలి, అందుకు మీరేం చేశారో, ఏం చూశారో ఉన్నదున్నట్టు చెప్పండి అని. తాతయ్య ఆ వ్యాసం చదవలేదు. కానీ పోలేని సందర్భం కూడా వెతికి చెప్పారు. శివుడికి పోతోంది, లక్ష్మికి పోవట్లేదు. ఇంతకంటే మంచి టెస్ట్ కేస్ మా ల్యాబ్‌లో నేను రాయలేదు.

ఇప్పుడు క్లబ్ వాళ్ళకి నా విన్నపం. ఆ ఒక్క ప్రశ్నని తెలుగులో ఎలా అడగాలి? "దయచేసి దోష నివేదికను సమర్పించండి" అంటే తాతయ్యే పారిపోతారు. నేను పదో తరగతి దాకా తెలుగుని మార్కుల కోసమే చదివా, ఇలాంటి వాక్యం రాయడం నాకు సి ప్లస్ ప్లస్ కంటే కష్టం. మీకు కాదు. చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో తెలుగు అనువాదాలు ఎవరైనా పంపొచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెస్తున్నారు. మనం ఈ సెమిస్టర్‌లో పది యాప్‌ల క్రాష్ విండోలు తీసుకుని, మన ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళకి అర్థమైన మాటే పంపితే ఎలా ఉంటుంది? రెజ్యూమేలో ఆ లైన్ కూడా వస్తుంది, ఎవరి నిద్రా పాడవ్వదు.

ఆ మెయింటైనర్ అడిగినదానికి జవాబు రాశా. నేను చూసింది ఒకటి ఉంది, నిజానికి మా తాతయ్య చూసింది అని మొదలుపెట్టి, మూడు పేరాలు, ఏఐ లేకుండా, తప్పుల ఇంగ్లిష్‌తో. ముందు ఆ 17కి సారీ చెప్పా. శివా, లక్ష్మి రెండూ కొట్టి చూపించే వీడియో పెట్టా. తొమ్మిది రోజుల్లో కొత్త వెర్షన్ వచ్చింది. ఆ 41 రిపోర్టులు పంపినవాళ్ళలో ఎవరికీ ఆ సంగతి తెలిసి ఉండదు, యాప్‌లో వాళ్ళకి చెప్పే దారే లేదు. తాతయ్యకి నేను ఫోన్ చేసి చెప్పా.

"సంతోషం. మరి ఒత్తు కొట్టి చెరిపితే మొత్తం అక్షరం పోతోంది, అదీ రాయి" అన్నారు. పెన్ను తీసుకుని, "ఏ కీబోర్డు తాతయ్యా? ముందు ఏం నొక్కారు?" అని అడిగా.